ఒడి సీటు కాదు: పికప్ బండ్లల్లో మన తాండా పిల్లల గురించి



జర పెద్ద పోస్టే. ఓపికతో చదవండి. చదివినాక మీ తాండాలో పికప్ నడిపే అన్నకు, చంటిపిల్ల ఉన్న వదినకు చదివి వినిపించండి. వాళ్లు గ్రూపుల్లో లేరు, ఉన్నా ఇంత పొడుగు చదవరు. చదువుకున్న మనం ఆ పనన్నా చేయాలి.

ఈ గ్రూపులో స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడుకున్నాం, హాస్టల్ మెస్ గురించి మాట్లాడుకున్నాం, నోటిఫికేషన్ల గురించి కొట్లాడుకున్నాం. ఇంకా బడికి కూడా పోని మన పిల్లల గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడుకోలే. ఈ పోస్టు వాళ్ల కోసం. మేము చెప్పదలుచుకున్నది ఒక్కటే. బండిలో పిల్లకు యాడి ఒడి సీటు కాదు. పికప్ వెనక ట్రాలీ అసలే కాదు. పిల్లను కట్టి ఉంచే సీటు, ఆ సీటును కట్టి ఉంచే బెల్టు ఉంటేనే అది పిల్లకు బండి. లేకపోతే అది సామాన్ల బండే.

"గివన్నీ కార్లున్నోళ్ల ముచ్చట్లు, మనకెందుకు" అని కొందరికి అనిపిస్తది. ఆ మాటకే జవాబు ఇది.

మన దగ్గర బండి అంటే పికప్పే

సిర్గాపూర్ 2016 అక్టోబరులో కొత్త జిల్లాలతో పాటు మండలమైంది. 2018లో మన తాండాలు చాలా వరకు గ్రామపంచాయతీలయ్యాయి. బోర్డులు మారాయి, సర్పంచులు మనోళ్లే అయ్యారు. ప్రయాణం మాత్రం మారలే. రోడ్డు మీద ఉన్న ఊరికి బస్సు వస్తది, లోపలి తాండాకు రాదు. వచ్చినా పొద్దుగాల ఒకసారి, సాయంత్రం ఒకసారి. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్ లేదు. మంచిదే. కానీ బస్సే రాని చోట జీరో టికెట్ చేతిలో పట్టుకొని ఏం చేయాలె?

ఆ ఖాళీని నింపింది పికప్ బండి. బొలెరో పికప్, టాటా ఏస్, ఇంట్రా, పేరు ఏదైతేనేం, అన్నీ మనకు "ట్రాలీ"యే. పొద్దున పత్తి, కందులు, సోయా తీస్కపోతది. మధ్యాహ్నం మేకలు తీస్కపోతది. సాయంత్రం అదే బండి కడిగి, జంబుఖానా పరిచి, పెండ్లికి మనుషుల్ని తీస్కపోతది. నారాయణఖేడ్ అంగడికి, పిట్లం ఆస్పత్రికి, చుట్టాలింట్ల దినాలకు, తీజ్ పండుగకు అదే బండి. శ్రీరామనవమికి పౌరాదేవి పోవాలన్నా అదే. మహారాష్ట్ర వాషిం జిల్లాలో ఉంది పౌరాదేవి, ఇక్కడి నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. రాత్రంతా ట్రాలీలో చలికి ముడుచుకొని పోతరు మనోళ్లు. దసరా, దీపావళి దాటినాక చెరుకు నరకడానికి పోయే కుటుంబాలు సరేసరి. గిన్నెలు, బియ్యం, దుప్పట్లు, కోళ్లు, వాటి మధ్యలో పిల్లలు.

అంటే పికప్ మన శత్రువు కాదు. అది లేకపోతే ఎన్నో కాన్పులు ఆస్పత్రికి చేరేవి కావు. బండి కొన్న అన్న కూడా మనోడే. ట్రైకార్ రుణం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, ఇంటిల్లిపాది కూలి చేసి కిస్తీలు కట్టుకుంటున్నోడు. అతన్ని దొంగలెక్క నిలబెట్టడానికి ఈ పోస్టు రాయట్లేదు. కానీ బండి మనది, డ్రైవరు మనోడు, పిల్లలు మనోళ్లు. మరి ఈ ముచ్చట మనం మాట్లాడకపోతే ఎవరు మాట్లాడుతరు?

ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం

2022 మే 8. మన పక్కనే, పిట్లం మండలం చిల్లర్గి వాళ్లు టాటా ఏస్‌లో ఎల్లారెడ్డి పోయి తిరిగి వస్తున్నారు. నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి గేటు దగ్గర లారీ ఢీకొట్టింది. తొమ్మిది మంది పోయారు. ఆ దారి మనం తిరిగే దారే.

2024 ఫిబ్రవరి చివర, మధ్యప్రదేశ్ డిండోరి జిల్లా. శుభకార్యానికి పోయి వస్తున్న ఆదివాసీల పికప్ రాత్రిపూట బోల్తా పడింది. పద్నాలుగు మంది పోయారు. అదే ఏడాది మే 20, ఛత్తీస్‌గఢ్ కవర్ధా. తునికాకు తెంపి వస్తున్న బైగా ఆదివాసీల పికప్ లోయలో పడింది. పంతొమ్మిది మంది పోయారు, దాదాపు అందరూ ఆడవాళ్లే.

మూడు చోట్లా బండి ఒకటే రకం. పోయింది మనలాంటి వాళ్లే. మూడుసార్లూ టీవీలో స్క్రోలింగ్, పెద్దల సంతాపం, ఎక్స్‌గ్రేషియా. తర్వాత మళ్లీ అదే ట్రాలీ, అదే జంబుఖానా.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022 ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు 9,528 మంది. రోజుకు ఇరవై ఆరు మంది. మన ప్రైమరీ స్కూల్లో ఒక తరగతి గది అనుకోండి. రోజుకొక గది ఖాళీ అయితున్నట్టు.

ఒడి ఎందుకు ఆపలేదు

"నా బిడ్డను నేను పట్టుకుంట, వదులుతనా?" అంటది ప్రతి తల్లి. ఆ ప్రేమ మీద మాకు అనుమానం లేదు. ఇంటర్‌లో చదువుకున్న ఫిజిక్స్ మాత్రం వేరే మాట చెప్తది.

బండి గంటకు నలభై కిలోమీటర్ల మీద పోతుంది. మన రోడ్ల మీద అది పెద్ద స్పీడేం కాదు. ఎదురుగా ఏదో గుద్దుకొని, ముందు భాగం అర మీటరు నలిగి ఆగిపోయింది అనుకుందాం. అదంతా సెకనులో పదో వంతు కూడా పట్టదు. బండి ఆగింది గానీ ఒడిలో పాప ఆగలేదు, అదే నలభై స్పీడులో ముందుకు పోతది. పది కిలోల పాపను ఆ క్షణంలో ఆపాలంటే చేతుల్లో నూట ఇరవై కిలోల బరువును పట్టుకునేంత బలం కావాలి. క్వింటాలు దాటిన సోయా సంచి అమాంతం మీదికి వచ్చి పడితే చేతులతో ఆపగలమా? పైగా తల్లికీ బెల్టు లేకపోతే ఆమె బరువంతా వెనక నుంచి వచ్చి పాప మీదే పడతది. కాపాడే ఒడే పాపను డ్యాష్‌బోర్డుకు అదుముతది.

ఇంకో లెక్క. నలభై స్పీడులో గుద్దుకోవడం అంటే సుమారు ఇరవై అడుగుల ఎత్తు నుంచి కింద పడ్డట్టు. యాభై స్పీడైతే ముప్పై అడుగులు దాటుతది. పాపను ఒళ్లో పెట్టుకొని బంగ్లా మీది నుంచి దూకమంటే ఎవరన్నా దూకుతరా? దూకరు. కానీ బండి కదులుతుంటే ఆ ఎత్తు కండ్లకు కనపడదు. అందుకే భయం ఉండదు.

వెనక ట్రాలీ సంగతి ఇంకా ఘోరం. అక్కడ పట్టుకోవడానికి కడ్డీ తప్ప ఏం లేదు. మనుషులు నిలబడితే బరువంతా పైకి పోయి, మూలమలుపు దగ్గర బండి తేలిగ్గా పక్కకు ఒరుగుతది. సంచులైతే ఉన్నచోట ఉంటయ్, మనుషులు మలుపులో ఒక దిక్కు జారుతరు. బండి పల్టీ కొడితే ముందుగాల ఎగిరిపడేది తక్కువ బరువున్నోళ్లు, అంటే పిల్లలే.

ఒక పిల్లల డాక్టరు కథ

ఈ ఒడి కొట్లాట మనతోనే మొదలు కాలే. అమెరికాలో టెనెసీ అనే రాష్ట్రం ఉంది. అక్కడ రాబర్ట్ సాండర్స్ అనే పిల్లల డాక్టరు, ప్రమాదాల్లో దెబ్బలు తిన్న పసిపిల్లల్ని చూసి చూసి, కార్లల్లో పిల్లలకు ప్రత్యేకమైన సీటు తప్పనిసరి చేయాలని పట్టుబట్టాడు. ఆయన కొట్లాటతో 1977లో చట్టం పాసైంది, 1978 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది.

కానీ చట్టం పాసయ్యేటప్పుడు కొందరు ఒక మినహాయింపు పెట్టించారు. సీటు లేకపోయినా పెద్దవాళ్ల ఒడిలో ఉంటే చాలు అని. వినడానికి ఎంత మంచిగుంది! సాండర్స్ మాత్రం దానికి "పిల్లల్ని నలిపేసే సవరణ" అని పేరు పెట్టాడు. ఊరుకోలేదు. 1981లో ఆ మినహాయింపు తీసేసేదాకా కొట్లాడాడు. 1985 నాటికి అమెరికాలో అన్ని రాష్ట్రాల్లో పిల్లల సీటు చట్టం వచ్చింది.

ఈ కథ ఎందుకు చెప్తున్నామంటే, డబ్బున్న దేశంలో కూడా మొదట అందరూ ఒడినే నమ్మారు. అది తెలివితక్కువతనం కాదు, ప్రేమ. కానీ తప్పు లెక్క మీద నిలబడ్డ ప్రేమ. వాళ్లు ఆ లెక్క సరిదిద్దుకొని నలభై ఏండ్లు దాటింది. మనం ఇంకా ఒడి దగ్గరే ఉన్నాం.

చట్టం ఏమంటది, ఇన్సూరెన్స్ ఏమంటది

మన దేశంలోనూ చట్టం ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షన్, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. పద్నాలుగేళ్లు నిండని పిల్లలకు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకుండా బండి నడిపినా, నడపనిచ్చినా వెయ్యి రూపాయల జరిమానా. అందులో "మోటారు వాహనం" అనే ఉంది. కారు అని లేదు. అంటే పికప్పుకూ వర్తిస్తది. బైకు మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లల్ని తీస్కపోతే నడిపేవాళ్లకు కట్టే బెల్టు, పిల్లకు హెల్మెట్, నలభై దాటని స్పీడు ఉండాలని ఇంకో రూల్. అది 2023 ఫిబ్రవరి 15 నుంచి, సరిగ్గా సేవాలాల్ జయంతి రోజు నుంచి అమల్లో ఉంది. ఈ రెండు రూల్స్ గురించి మన తాండాల్లో ఎంతమందికి తెలుసు?

ఇక ఇన్సూరెన్స్. ఇది పికప్ ఉన్న ప్రతి అన్న రెండుసార్లు చదవాలి. సామాన్ల బండి ఇన్సూరెన్స్ అందులో ఊరికే ఎక్కిన మనుషులకు వర్తించదు. సామాను యజమాని, లేదా ఆయన పంపిన మనిషి ఆ సామానుతో పోతుంటే మాత్రమే వర్తిస్తది. 2002 డిసెంబరులో న్యూ ఇండియా అస్యూరెన్స్, ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చింది. 2004లో బల్జీత్ కౌర్ కేసులోనూ అదే నిలబడింది. ఆ కేసులో మాత్రం ముందు కంపెనీ కట్టి, తర్వాత బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోమంది. అంటే చివరికి కట్టాల్సింది ఓనరే.

మన భాషలో చెప్పుకుంటే, పెండ్లికి పోతూ బండి బోల్తా పడితే, పిల్లను పోగొట్టుకున్న ఇంటికి ఇన్సూరెన్స్ దిక్కు ఉండదు. కేసు బండి అన్న మీదికి పోతది. అతని బండి, అతని రెండెకరాలు పోతయ్. ఒకే తాండాలో రెండు ఇండ్లు కూలుతయ్, రెండూ మనవే. రేపటి నుంచి వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూడరు. క్యాబిన్‌లో కూర్చున్నంత మాత్రాన ఈ లెక్క మారదు. అందుకే రెన్యువల్ అప్పుడు ఏజెంటును సూటిగా అడగండి: "అన్నా, ఇందులో కూర్చునేటోళ్లకు కవర్ ఉందా? ఎంతమందికి? కాగితంలో ఎక్కడ రాసింది?" నోటిమాట నమ్మకండి.

సీటు ఎట్ల బిగించాలి

ఇప్పుడు అసలు పని. పికప్‌లో పిల్లల సీటు బిగించడం కార్లో బిగించినంత తేలిక కాదు. ముందు బండిని చూడండి.

ఒకే వరుస క్యాబిన్ ఉన్న బండిలో డ్రైవరు పక్కన ఒకరో ఇద్దరో కూర్చుంటరు. రిజిస్ట్రేషన్ కాగితంలో సీటింగ్ ఎంతో రాసుంటది. పక్కన ఒక్క సీటే ఉంటే అందులో పిల్లల సీటు పెడితే తల్లికి చోటు లేదు. తల్లి వెనక ట్రాలీ ఎక్కుతనంటే అది పరిష్కారం కాదు. అలాంటి బండి ఆ కుటుంబానికి ఆ రోజు సరిపోదు, అంతే. రెండు వరుసల క్యాబిన్ ఉన్న క్యాంపర్ లాంటి బండైతే పిల్లల సీటుకు సరైన చోటు వెనక వరుసే.

తర్వాత బెల్టు చూడండి. భుజం మీది నుంచి, నడుము మీది నుంచి వచ్చే మూడు పాయింట్ల బెల్టు కావాలి. మధ్య సీటుకు చాలా బండ్లల్లో ఉత్త నడుము బెల్టే ఉంటది, కొన్నింటికి అదీ ఉండదు. పిల్లల సీటు పుస్తకంలో నడుము బెల్టు సరిపోతది అని స్పష్టంగా రాసి ఉంటే తప్ప అక్కడ పెట్టొద్దు.

ముందు సీటుకు ఎయిర్‌బ్యాగ్ ఉందా చూడండి. డ్యాష్‌బోర్డు మీదనో, ఎండ అడ్డు పలక మీదనో గుర్తు ఉంటది. ఉంటే వెనక్కి తిరిగిన పిల్లల సీటు అక్కడ ఎట్టి పరిస్థితిలోనూ పెట్టొద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దెబ్బ నేరుగా పాప తల వెనక తగులుతది.

ఇక బిగించే పద్ధతి:

ఒకటి. చిన్నపిల్లలు బండి వెనక దిక్కుకు ముఖం పెట్టి కూర్చోవాలి. కనీసం పదిహేను నెలలు నిండేదాకా, సీటు ఒప్పుకుంటే ఇంకా ఎక్కువ కాలం. పసిపాప ఒంటికి తల పెద్దది, మెడ ఎముకలు ఇంకా గట్టిపడవు. వెనక్కి తిరిగి ఉంటే దెబ్బ వీపంతా పంచుకుంటది. ముందుకు తిరిగి ఉంటే మెడ ఒక్కటే మోస్తది.

రెండు. ముందు సీటులో పెట్టక తప్పకపోతే, ఎయిర్‌బ్యాగ్ లేకపోతేనే, బండి సీటును ఎంత వెనక్కి జరుగుతదో అంత వెనక్కి జరపండి.

మూడు. బెల్టు ఏ దారిలో పోవాలో పిల్లల సీటు మీదే రంగు గుర్తులు ఉంటయ్. వెనక్కి తిరిగినప్పుడు నీలం, ముందుకు తిరిగినప్పుడు ఎరుపు. ఆ దారి తప్పితే బెల్టు పెట్టినా పెట్టనట్టే.

నాలుగు. బెల్టు మెలి తిరగకుండా చూడండి. పిల్లల సీటు మీద మోకాలు పెట్టి గట్టిగా అదిమి, బెల్టు బిర్రుగా లాగి లాక్ చేయండి. తర్వాత బెల్టు పోయే చోట పట్టుకొని అటూ ఇటూ ఊపండి. ఒక అంగుళం కంటే ఎక్కువ కదిలితే మళ్లీ మొదటి నుంచి.

ఐదు. పిల్లను కట్టే పట్టీలు వెనక్కి తిరిగినప్పుడు భుజాల ఎత్తులో గానీ కొంచెం కింద గానీ, ముందుకు తిరిగినప్పుడు భుజాల ఎత్తులో గానీ కొంచెం పైన గానీ ఉండాలి. కట్టినాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి. మడత చేతికి వస్తే ఇంకా వదులుగా ఉన్నట్టే.

ఆరు. స్వెటర్, శాలువా పట్టీల లోపల ఉండొద్దు. ముందు పట్టీ కట్టి, దాని మీద శాలువా కప్పండి. లోపల మందం ఉంటే పట్టీ బిగిసినట్టు కనపడతది గానీ బిగియదు.

ఏడు. మే నెలలో ఎండకు బండి పెడితే ఆ బకిల్ చేయి కాలేంత వేడెక్కుతది. ఎక్కించే ముందు మీ చేతితో ముట్టి చూడండి.

ఎనిమిది. క్యాబిన్‌లో జాకీ, పాన, నీళ్ల క్యాను వదులుగా పెట్టకండి. గుద్దుకున్నప్పుడు అవే రాళ్లలెక్క ఎగురుతయ్.

తొమ్మిది. సీటును వెనక ట్రాలీలో తాడుతో కట్టి కూర్చోబెడతం అని కొందరికి తోస్తది. వద్దు. బెల్టు, పైకప్పు లేని చోట ఆ సీటు ఉత్త కుర్చీ.

కొంచెం పెద్ద పిల్లలు, అంటే నాలుగైదేళ్లు దాటినోళ్లు, పెద్దవాళ్ల బెల్టు పెట్టుకుంటే అది మెడకు, పొట్టకు వస్తది. వాళ్లను ఎత్తు చేసే బూస్టర్ సీటు మీద కూర్చోబెట్టి మూడు పాయింట్ల బెల్టు పెట్టాలి. బెల్టు భుజం మధ్యలో నుంచి, తొడల మీది నుంచి పోవాలి. ఎత్తు నాలుగున్నర అడుగులు దాటేదాకా బూస్టర్ అవసరమే.

కొనేటప్పుడు సీటు మీద ఏఐఎస్ 072 అని గానీ, ఈసీఈ ఆర్ 44 లేదా ఆర్ 129 అని గానీ ముద్ర ఉందా చూడండి. ఐదు వందలకు అమ్మే గుడ్డ పట్టీలను నమ్మొద్దు. పాత సీటు కొంటే అది ప్రమాదంలో పడిందా కనుక్కోండి. ఒకసారి గుద్దుకున్న బండిలో ఉన్న సీటు మళ్లీ వాడొద్దు, పగులు కనపడకపోయినా సరే.

"ఇవన్నీ అయ్యే పనులేనా?"

ఈ ప్రశ్న మేమూ మాలో మేము వేసుకున్నాం.

పైసల్ ఎక్కడివి అంటరు. ముద్ర ఉన్న మామూలు సీటుకు నాలుగైదు వేలు అయితయ్. కూలి చేసే ఇంటికి అది చిన్న మాట కాదు. కానీ పెండ్లికి వంట గంజులు, జంబుఖానాలు ఇంటింటికీ కొనం కదా. తాండా మొత్తానికి ఒక్క సెట్టు ఉంటది, ఎవరికి పని పడితే వాళ్లు తీస్కపోయి, తోమి తెచ్చి పెడతరు. పిల్లల సీటు కూడా అట్లనే. తాండాకు రెండు సీట్లు, ఒకటి పసిపిల్లలకు, ఒకటి పెద్ద పిల్లలకు. యువజన సంఘం పేరు మీద కొని ఒకరి ఇంట్లో పెట్టి, రాసుకొని ఇయ్యడమే. గణపతి దగ్గర డీజేకు చందా వసూలు చేసినంత కష్టం కూడా ఉండదు.

ఇన్నేండ్లు ఏం గాలే అంటరు. చిల్లర్గి వాళ్లకు కూడా 2022 మే 7 దాకా ఏం గాలే.

మనుషులు ఇరవై మంది, సీట్లు రెండు, ఎట్ల అంటరు. ఇదే అసలైన ప్రశ్న. దీనికి మా దగ్గర తియ్యటి జవాబు లేదు. పిల్లల సీటు ట్రాలీ ప్రయాణాన్ని మంచి చేయదు. పెండ్లికైనా, పౌరాదేవికైనా చిన్నపిల్లలున్న ఇండ్లన్నీ కలిసి ఆర్టీసీ బస్సు మాట్లాడుకోవడమే దారి. మూడు ట్రాలీల కిరాయి, డీజిల్ కలిపి చూసుకుంటే బస్సు కిరాయి అందనంత దూరంలో ఏం లేదు. బస్సు కుదరని రోజు కనీసం చిన్నపిల్లలు, వాళ్ల తల్లులు మామూలు బస్సులో పోవాలి, సామాను ట్రాలీలో రావాలి. మనుషులు ముందు, సామాను వెనక.

కాన్పు అయి ఇంటికి వచ్చే రోజు సంగతి కూడా చెప్పాలి. సర్కారు దవాఖానలో కాన్పు అయిన తల్లీబిడ్డను ఇంటికి దించడానికి 102 బండి ఉంది. అది అడిగి తీసుకోండి. రెండు రోజుల పసిగుడ్డు మొదటి ప్రయాణం ట్రాలీలో కావొద్దు.

మేము అడిగేది

బండి ఉన్న అన్నలకు: "పదేండ్ల లోపు పిల్ల వెనక ఎక్కితే నేను తాళం తిప్పను" అని ఒక్క మాట అనండి. మొదట అలుగుతరు, తిడతరు. రెండు పెండ్లిళ్లు దాటితే అలవాటైతది. తాండా నాయక్, కార్భారి ఆ మాటకు వెనక నిలబడాలి.

యాడీలకు, బాపులకు: పిల్లను సీటులో కట్టేస్తే ఏడుస్తది. ఏడవనీయండి. రెండు మూడు సార్లకు అదే నిద్రపోతది.

ఆర్టీసీకి, ముఖ్యంగా మన నారాయణఖేడ్ డిపోకు: లోపలి తాండాలకు అంగడి రోజున, బడి టైముకు ఒక్క ట్రిప్పు ఎక్కువ వేయండి. వినతిపత్రం మేము రాస్తాం, ప్రతి పంచాయతీ తీర్మానం జతచేస్తాం. పాత గోడు కాదు, తాండా పేరు, ఇండ్ల సంఖ్య, చంటిపిల్లల సంఖ్య రాసి ఇస్తాం.

గిరిజన సంక్షేమ శాఖకు: సబ్సిడీ మీద బండ్లు ఇచ్చేటప్పుడు రెండు వరుసల క్యాబిన్ బండి కావాలన్నోళ్లకు అది కూడా దొరికేటట్టు చూడండి. బండితో పాటు ఒక పిల్లల సీటు, దాన్ని బిగించడం నేర్పే ఒక పూట శిక్షణ ఇయ్యండి. లక్షల బండికి నాలుగు వేల సీటు భారం కాదు.

పోలీసులకు: తాండా రోడ్డు మీద ఆపి వెయ్యి రూపాయలు రాస్తే ఆ రోజు కూలి పోతది తప్ప పిల్ల బతకదు. మొదటిసారి ఆపినప్పుడు పిల్లల్ని ట్రాలీలో నుంచి దింపి బస్సు ఎక్కించండి. రెండోసారి రాయండి, మేము అడ్డం రాం.

చివరగా మనకు, చదువుకున్నోళ్లకు. 161వ జాతీయ రహదారి మన పక్క నుంచి నాలుగు వరుసలుగా పోతుంది. రోడ్డు వెడల్పైన కొద్దీ బండ్ల స్పీడు పెరుగుతది. పాత గతుకుల రోడ్డు మీద ట్రాలీ ఇరవై మీద పోయేది, ఇప్పుడు అరవై మీద పోతుంది. రోడ్డు మారింది కానీ ట్రాలీలో కూర్చునే తీరు మారలేదు. ఆ మధ్యలో ఉన్నది మన తమ్ముళ్లు, చెల్లెళ్ల ప్రాణాలు.

వచ్చే సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క పని చేద్దాం. మీ తాండాలో ఎన్ని పికప్‌లున్నాయి, ఎన్నింటికి మూడు పాయింట్ల బెల్టు ఉంది, ఐదేండ్ల లోపు పిల్లలు ఎంతమంది, ఈ మూడు లెక్కలు రాసి కింద కామెంట్లో పెట్టండి. ఆ లెక్కే మన వినతిపత్రానికి మొదటి పేజీ.